హోటల్ పేరు చెప్పి చేసిన ప్రార్థన

"నా ఇంట్లో మంచాలు లేవా, నా చేతి కూడు బాగుండదా? ఏదో ఒకటి నోరు తెరిచి చెప్పు అజయ్. వినేదానికే ఫోన్ చేసినా."

పెరుగు గిన్నెకు ఆనించి పెట్టిన ఫోన్‌లోంచి ఎలిజబెత్ గొంతు నంద్యాల ఇంటి వంటగది దాకా వినిపిస్తోంది. హైదరాబాదు నుంచి ఆమె మొదలుపెట్టినప్పుడు తమ్ముడి పళ్ళెంలో అన్నం పొగలు కక్కుతోంది. ఇప్పుడది అంచుల్లో ఎండిపోయింది. అజయ్ కుమార్ తినడమూ లేదు, చెయ్యి కడుక్కోవడమూ లేదు.

"అది కాదక్కా..." అన్నాడు.

"ఏది కాదు? పొద్దున ఫోన్లో ఆళ్ళగడ్డ ఆరాధన చూస్తాండా. అమ్మ లేచి నిలబడింది. మా కొడుకూ కోడలూ పెండ్లై పదేండ్లు, వచ్చే శనివారం హైదరాబాదుకు పోతాండారు, నీలమణి గ్రాండ్ అనే హోటల్లో దిగుతారు, వాళ్ళ క్షేమం కోసం ప్రార్థన చెయ్యండయ్యా అనింది. పాస్టరయ్య హోటల్ పేరు పెట్టి మరీ ప్రార్థన చేసినాడు. సంఘమంతా ఆమేన్ అనింది. అలవాటు కొద్దీ నేనూ అన్నా. అన్నాక అర్థమయింది, దిగేది నా తమ్ముడని."

అజయ్ మెతుకులు ఒక పక్కకు నెట్టాడు.

"అక్క ఇల్లు అదే ఊర్లో పెట్టుకొని హోటల్లో దిగుతాండాడంట అంటే, మా అత్త ముందర నా మొగం యాడ పెట్టుకునేది? మీ బావ బండేసుకొని పోయి చూసొచ్చినాడు ఆ హోటలును. కింద బారుందంట."

ప్రియదర్శిని కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి భర్త పక్కన నిలబడింది.

"బారుకు దారి వెనక వీధిలోంచి వదినా. అది అడిగే పెట్టుకున్నా."

ఎలిజబెత్ గొంతు ఒక మెట్టు దిగింది.

"ఓ, నువ్వూ వింటాండావా. దారి వేరైతే ఏం ప్రియా, గోడ ఒకటే కదా. పాస్టరమ్మకు నేనేం చెప్పేది? సరే, అయిందేదో అయింది. అది తీసేయండి. శనివారం తెల్లారి స్టేషనుకు మా ఆయన్ను, మీ డేవిడన్నను, పంపిస్తా. పిండి కలిపి పెట్టింటా, నువ్వు చపాతీలు చేస్తే అందరూ లొట్టలేసుకొని తింటారు. నువ్వొచ్చినావంటే నాకూ రెండు దినాలు ఊపిరాడుతుంది."

ఫోన్ పెట్టేసింది. జవాబు కోసం ఆగాల్సిన అవసరం ఆమెకు ఎప్పుడూ కనిపించలేదు.

అజయ్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"క్యాన్సిల్ చేద్దాంలే," అన్నాడు గోడ వైపు చూస్తూ. "అక్కోళ్ళింట్లో దిగుదాం. నువ్వు చూసి పెట్టిన హోటళ్ళలో ఒకదాంట్లో ఒక పూట తిందాం. అదీ అయితాది, ఇదీ అయితాది."

"ఒక పూట. ఎవరెవరం?"

"అందరం. మనమిద్దరమే లేచిపోతే బాగుండదు కదా."

ప్రియదర్శిని పళ్ళెం తీసింది. ఆ అన్నం కుక్కకు కూడా పనికిరాదని తెలిసీ ఒక గిన్నెలోకి వంచి మూత పెట్టింది. చేతులకు ఏదో పని లేకపోతే నోరు ఏం చేస్తుందో ఆమెకు తెలుసు.

"పోయినసారి మన పాప అక్షయ కండ్లు చూపించేదానికి పోతిమి," అంది. "మీరు డేవిడన్నతో గదిలో పడుకొని క్రికెట్ చూస్తిరి. నేను హాల్లో మీ అక్క అత్త పక్కన చాప మీద. తెల్లారి కాఫీ దగ్గర నుంచి రాత్రి పాలు తోడు పెట్టేదాకా ఆ వంటింట్లోనే ఉన్నా. పక్కింటామెతో మీ అక్క ఏమనిందో తెల్సా? మా మరదలొచ్చింది, నాకు రెస్టు అనింది. నా ముందరే అనింది. నవ్వుతా అనింది."

"అక్క మనసులో ఏం ఉండదు."

"నా మనసులో ఉండాది."

విత్తనాల కంపెనీలో రోజంతా రైతులతో, డీలర్లతో గొంతు పోయేలా మాట్లాడే అజయ్, ఇంట్లో ఇలాంటి చోటుకొచ్చేసరికి గోడకున్న క్యాలెండరు చదవడం మొదలుపెడతాడు.

ప్రియదర్శిని పాణ్యంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. పరీక్షల రోజుల్లో, పిల్లలు తలలొంచి రాసుకుంటున్న నిశ్శబ్దంలో ఆమెకు పుట్టిన ఆలోచన ఇది. పదేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి వెళ్ళినవన్నీ ఒకరి పెళ్ళికో, ఒకరి చావుకో, ఒకరి ఆపరేషనుకో. ఎవరి ఇంట్లో దిగితే ఆ ఇంటి ఆడవాళ్ళతో ఆమె, ఆ ఇంటి మగవాళ్ళతో ఆయన. బెలుం గుహలు చూడడానికి వెళ్ళినా వెనక జీపు నిండా బంధువులే. ఒక్కసారి, రెండే రోజులు, ఎవరికీ వండకుండా, ఎవరితోనూ పంచుకోకుండా, తన మొగుడి ఎదురుగా కూర్చోవాలనుకుంది. అంతకంటే పెద్ద కోరికేమీ లేదు.

దానికోసం ఆమె హోటలును ఎంచిన తీరు చూస్తే సంబంధాలు చూసే పెద్దలు కూడా సిగ్గుపడాలి. పొగిడినవాళ్ళ మాటలు వదిలేసి తిట్టినవాళ్ళ మాటలు ముందు చదివింది. హోటలు వాళ్ళు పెట్టిన ఫోటోల్లో ప్రతి గదీ మైదానంలా ఉంటుంది. దిగినవాళ్ళు తీసి పెట్టిన ఫోటోల్లోనే కిటికీ తెరిస్తే పక్క గోడ ఉందో ఆకాశం ఉందో తెలుస్తుంది. ఒకచోట పక్కనే ఫంక్షన్ హాలు ఉందని, అర్ధరాత్రి దాకా డప్పులని ఎవరో వాపోయారు. దాన్ని కొట్టేసింది. ఇంకొకచోట తలగడ మెత్తలు వాసన. నీలమణి గ్రాండ్‌కు తనే ఫోన్ చేసి, వేడినీళ్ళు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, లిఫ్టు పక్క గది కాకుండా ఇస్తారా, బారు ఎటువైపు అని అడిగింది. రిసెప్షన్‌లోని అబ్బాయి, "మేడం, మీరు ఇన్‌స్పెక్షనుకు వస్తున్నారా?" అన్నాడు.

తినే చోట్లు ఎంచడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. పేరుమోసిన బిర్యానీ హోటళ్ళన్నిటినీ పక్కన పెట్టేసింది. అక్కడ మనం తింటుంటే మన కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని వెనకే ఒక కుటుంబం నిలబడి ఉంటుంది. చివరికి మేడ మీదున్న ఒక చిన్న చోటు నచ్చింది. కిటికీ పక్కన ఇద్దరికే పట్టే బల్ల. ఆ ఫోటో కింద ఎవరో కోపంగా రాశారు: తెచ్చిపెట్టడానికి గంట పట్టింది, మళ్ళీ జన్మలో రాను అని. ఆ మాట చూసే ప్రియదర్శిని దాన్ని ఎంచుకుంది. ఆలస్యంగా తెచ్చేచోట మనుషులు మాట్లాడుకోక ఏం చేస్తారు? అదే మాట నవ్వుతూ అజయ్‌కు చెప్పింది కూడా. అప్పుడు ఆయనా నవ్వాడు. నవ్వాడనే ఆమె అనుకుంది.

"అమ్మ చేసిన పనికి నన్నంటే ఎట్ల?" అన్నాడు అజయ్ ఇప్పుడు. "ఆమె నోరు నేను మూయగల్నా?"

"పదండి. అక్షయను చూసేదానికి ఆళ్ళగడ్డకు ఎట్లా పోవల్ల. మీ అమ్మనే అడుగుదాం."

"ఈ ఎండలోనా?"

"మీ అక్క మాటల కంటే ఎండ నయం."

ఆళ్ళగడ్డ బస్సులో ఆయన మగవాళ్ళ మధ్య ముందెక్కడో కూర్చున్నాడు. ప్రియదర్శిని కిటికీ పక్కన కూర్చుని, అత్తకు తాను చెప్పిన మాటలన్నీ మళ్ళీ గుర్తు చేసుకుంది. సెలవులకని కూతుర్ని దిగబెట్టిన రోజున చెప్పింది: వచ్చే శని, ఆదివారాలు హైదరాబాదులో పనుంది అత్తమ్మా, అక్షయ ఇక్కడే ఉంటుంది అని. అంతే. హోటల్ అన్న మాటే ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందో తెలిసే ఎత్తలేదు. మరి నీలమణి గ్రాండ్ అన్న పేరు ఆమె నోటికి ఎలా వచ్చింది?

ఏదో మాటల్లో ఆయనే నోరు జారి ఉంటాడు అనుకుంది. అలా అనుకుంటే కోపం కొంచెం తగ్గుతుందేమోనని చూసింది. తగ్గలేదు.

హన్నమ్మ వసారాలో చాట ముందు పెట్టుకుని వేరుశనక్కాయలు వొలుస్తోంది. కొడుకునూ కోడలినీ చూసి లేవలేదు.

"రాండి. మీ మొగాలు చూసేదానికే కాచుకోనుండా. మీ నాయన అక్షయను తోడు తీసుకొని కొలిమిగుండ్లకు పోయినాడు, ఆయన లేందే ఆడ పెండ్లి ప్రధానం జరగదంట. రేప్పొద్దునకు గానీ రారు." కాయలు చాటలోకి గట్టిగా పడుతున్నాయి. "ఈడ పాస్టరమ్మ ఫోన్ మీద ఫోను. హన్నమ్మా, మనం ప్రార్థన చేసిన హోటల్లో బారుందంట కదా అని. పెద్దపాప ఎలిజబెత్ ఆమెకూ చెప్పినట్లుంది. బారుండే హోటలుకు సంఘం చేత ఆమేన్ అనిపిస్తినే, ఈ వయసులో."

"అనిపించమని మిమ్మల్ని ఎవరడిగినారు అత్తమ్మా?" అంది ప్రియదర్శిని. చెప్పులు విడవకుండా మెట్టు మీదే నిలబడింది.

"ఎవరడిగేదేంది? ప్రయాణం పోయేవాళ్ళ కోసం ప్రార్థన చేసేది ఈ పొద్దు పుట్టిందా? మీ మామ బోరు వేయించినప్పుడు చెప్పినా. అక్షయ కండ్లకు చెప్పినా. ఊరి పేరు చెప్తాం, ఆస్పత్రి పేరు చెప్తాం. పేరు లేకుండా ప్రార్థన చేస్తే అది యాడికని పోతాది?"

"ఆస్పత్రికి పోతాండామా మేము? మొగుడూ పెండ్లామూ రెండు రోజులు ఒక రూములో ఉంటారని మైకులో చెప్పి, ఊరంతా కండ్లు మూసుకొని ఆమేన్ అనాల్నా? నంద్యాలలో మా చర్చిలో కూడా నేను నోరు విప్పలేదు. బుధవారం ప్రార్థన కూటంలో నా ముఖం చూసి ఎంతమంది నవ్వుకుంటారో మీకేం తెల్సు?"

"నవ్వేదేముంది? దేవుడు జత చేసినోళ్ళే కదా మీరు."

"మరి జతగా ఉండనీయండి."

హన్నమ్మ చేతిలో కాయ పగలకుండా ఆగింది. ఈ కోడలు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఇప్పుడూ గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"అక్క ఉండంగా హోటల్లో ఎందుకని నేనూ అడిగినాలే వీణ్ణి," అంది కొంచెం తగ్గి. "ఏం, పెద్దపాప మిమ్మల్ని బాగా చూడదా? నలభై ఏండ్లు కాపురం చేసినా, నేను పోయినానా ఏ హోటలుకన్నా?"

"ఈయన్ను అడిగినారా?" ప్రియదర్శిని ఆ మాట దగ్గరే ఆగిపోయింది. "ఎప్పుడు?"

"నిన్న. ఫోన్ చేసినప్పుడు."

"హోటల్ పేరు ఈయన చెప్పినాడా?"

"కాక, నాకు కల్లో వచ్చిందా? నీలమణి గ్రాంటు అంటే కాదమ్మా గ్రాండ్ అని, మళ్ళా మళ్ళా నా చేత పలికించినాడు. రేపు చర్చిలో చెప్పమ్మా, పేరు మాత్రం సరిగ్గా చెప్పు, అక్క చూస్తాంటాది అన్నాడు." చెబుతూ చెబుతూ ఉండగానే ఆమె మాట నెమ్మదించింది. చాట పక్కకు జరిపి కొడుకు వైపు చూసింది. "అక్క చూస్తాంటాది అని ఎందుకన్నావు రా నువ్వు?"

అజయ్ గేటు దగ్గరే ఉన్నాడు. గేటు గడియ వేసి తీసి, తీసి వేస్తున్నాడు.

పక్కింట్లో ఎవరో మిక్సీ వేశారు, ఆపారు. హన్నమ్మ వొళ్ళోని పొట్టు కిందికి దులపబోయి మానుకుంది.

"అక్కకు నేనెట్ల చెప్పేది?" అన్నాడు చివరికి. "అమ్మ నోట వింటే గమ్మునుంటాదేమో అనుకుంటి."

"గమ్మునుండకపోతే?" అంది ప్రియదర్శిని.

"మా ఇంటికే రాండి అంటాది అనుకుంటి."

"అంటే?"

ఆయన గడియ వదిలేశాడు.

"అంటే పోదాం అనుకుంటి."

పొద్దున్నించీ ఆమె కోపం ఇంటింటికీ తిరిగింది. వదిన మీదికి పోయింది, అత్త మీదికి పోయింది, ముఖం కూడా సరిగ్గా తెలియని ఆ పాస్టరు మీదికీ పోయింది. ఇప్పుడు దానికి ఇల్లు దొరికింది. మధ్యాహ్నం బల్ల దగ్గర, అమ్మ చేసిన పనికి నన్నంటే ఎట్ల అని ఎంత నిదానంగా అన్నాడు. క్యాలెండరు చూస్తూ అన్నాడు.

"వద్దని నాతో చెప్పి ఉంటే అయిపోయేది కదా," అంది. "నేనేమన్నా కట్టేసి తీసుకుపోతాండానా మిమ్మల్ని?"

"వద్దని కాదు ప్రియా." ఆయన రెండడుగులు ముందుకొచ్చి ఆగాడు. "నాకు భయమేసింది."

"వదినంటేనా?"

"అక్క కాదు. ఆ బల్ల. ఇద్దరికే వేసిన బల్ల. తెచ్చేదానికి గంట పడతాదని నువ్వే నవ్వుతా చెప్తివే. ఆ గంటసేపు మనం ఏం మాట్లాడేది? ఇంట్లో అయితే అక్షయ ఉంటాది, టీవీ ఉంటాది, ఎవరో ఒకరు వస్తారు. ఆడ ఎవరుంటారు? రెండు దినాలు. నువ్వు నా మొగం చూసి, వీనికి చెప్పేదానికి ఒక్క మాటా లేదే అనుకుంటావు. అక్కోళ్ళింట్లో అయితే ఆ బాధ లేదు."

ఇదే మాట నెల కిందట, తమ ఇంట్లో, ఆమె ఫోన్లో ఆ కిటికీ ఫోటో చూపిస్తున్నప్పుడు చెప్పి ఉంటే ప్రియదర్శిని ఏం చేసేదో. బహుశా ఫోన్ పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకునేది. నాకూ భయమేలే అనేది. ఆ మాట నిజం కూడా. కానీ ఆయన ఆ మాటను తనతో చెప్పకుండా ఊరంతా తిప్పి, మైకులోంచి పంపించి, హైదరాబాదులో అక్క చెవిలో వేయించి, డేవిడ్‌ను బండి మీద తోలించి, అన్నీ అయ్యాక చివరికి ఈ వసారా ముందు తీసుకొచ్చి పెట్టాడు.

"నాతో కూర్చునేదానికి భయమేసి," అంది, "నన్ను ఆపమని దేవునికి చెప్పించినారా?"

"నా నోటితో," అంది హన్నమ్మ. ఆమె లేచి నిలబడింది. పొట్టంతా కాళ్ళ మీద పడింది. "సంఘం ముందర నిలబడి నేను కండ్లు మూసుకొని నిజంగా అడుక్కుంటి రా. బిడ్డలు చల్లగా పోయి రావల్ల అని. నీ దొంగతనానికి నేను సాక్ష్యమా? వచ్చే ఆదివారం నువ్వే నిలబడు ఆడ. నీ నోటితోనే చెప్పు ఎందుకు చెప్పించినావో."

"వచ్చే ఆదివారం మేము ఈడ ఉండం అత్తమ్మా," అంది ప్రియదర్శిని. అని, అజయ్ వైపు చూసి, సరిదిద్దుకుంది. "నేనైతే ఉండను. గది ఉంది, బల్ల చెప్పి పెట్టినా. నేను పోతా."

"ఒక్కదానివా?" అన్నాడు అజయ్.

"అది నేను చెప్పేది కాదు. మీ అక్కకు ఇప్పుడు మీరే ఫోన్ చెయ్యండి. హోటలుకు పోతాండామని చెప్తారో, మీ ఇంటికే వస్తాండానని చెప్తారో, మీ ఇష్టం. నాతో చెప్పించొద్దు. మీ అమ్మతో చెప్పించొద్దు. దేవునితో అసలే వద్దు."

చెప్పులు కాళ్ళకే ఉన్నాయి కాబట్టి వెనక్కి తిరగడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. హన్నమ్మ కాఫీ తాగిపొమ్మనలేదు, ఆగమనలేదు, మగపిల్లోడు తెలీక చేసినాడులే అనలేదు. ఆ పొద్దంతటిలో ప్రియదర్శినికి దొరికిన మర్యాద అదొక్కటే.

బస్టాండులో నంద్యాల బస్సు సగం నిండి ఉంది. మామిడికాయల గంప పెట్టుకున్న ఒక ముసలామె కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు కొట్టిచ్చాడు.

అజయ్ ఆమె వెనకే వచ్చాడు. బస్సు దాకా రాలేదు. చెరుకురసం బండి పక్కన, నీడ అంచులో ఆగి ఫోన్ తీశాడు. ఒకసారి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చెవికి పెట్టుకున్నాడు.

ఆయన పెదవులు కదలడం కిటికీలోంచి కనిపిస్తోంది. చెరుకు మిషను చప్పుడులో ఒక్క మాటా ఇటు రావడం లేదు. ఆయన మాట్లాడాడు. తర్వాత చాలాసేపు విన్నాడు. తల ఊపాడు. అవునని ఊపాడో, కాదని ఊపాడో ఆ దూరం నుంచి తెలియలేదు. మళ్ళీ ఏదో అన్నాడు, ఈసారి ఎడమ చెయ్యి కూడా కదిపాడు. రైతుతో బేరం కుదరనప్పుడు అలా కదుపుతాడని ఆమెకు తెలుసు. బేరం కుదిరినప్పుడూ అలాగే కదుపుతాడు.

డ్రైవరు ఎక్కి హారన్ కొట్టాడు.

"ఎవరన్నా రావల్నా అమ్మా?" అన్నాడు కండక్టరు, ఆమె చూస్తున్న వైపే చూసి. "ఆయన మీ ఆయనా?"

"ఊ."

కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి వంగి అరిచాడు. "ఏమప్పా, వస్తాండావా, లేదా? బండి తీస్తాండాం."

అజయ్ చెవి దగ్గర ఫోన్ తియ్యకుండానే ఇటు తిరిగి చెయ్యెత్తాడు. ఆగమన్నట్టూ ఉంది, పొమ్మన్నట్టూ ఉంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, ఫోన్లో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

కండక్టరు లోపలికి తల తిప్పాడు.

"ఏమంటాండాడమ్మా మీ ఆయన?"

"నాకూ అదే తెలియల్లన్నా," అంది ప్రియదర్శిని.

డ్రైవరు గేరు వేశాడు.